కాంచన ద్వీపానికి పటం గీసిన మనీషి: రాబర్ట్ లూయీ స్టీవెన్సన్

ఆట అనగానే మనకు మైదానం జ్ఞాపకం వస్తుంది. కాని బల్ల మీద కాగితం పరచి, దానిపై ఒక ద్వీపం గీసి, చుట్టూ కూర్చున్న నలుగురు మిత్రులు తలొక పాత్ర ధరించి, పాచికలు వేస్తూ ఒక కథను కలిసి నడిపించే ఆటలు కూడా లోకంలో ఉన్నాయి. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు ప్రకటించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ద్వారా ఇవి ప్రసిద్ధికెక్కాయి. ఈ ఆటలలో ఒక విశేషముంది. అచ్చయిన నియమావళి తమ కథకు చాలదని తోచినప్పుడు ఆడేవారే కావలసిన నియమాలను కల్పించుకొంటారు. సముద్రపు దొంగల కథను ఆడదలచినవారు గాలివాటు, ఓడ వేగం, తిండి నిల్వ, కొల్లసొమ్ము పంపకం మొదలైన వాటికి సొంత నియమాలు రాసుకొంటారు.

అటువంటి పనికి పూనుకొనే విద్యార్థి మొదట తెలుసుకోదగిన జీవితం ఒకటి ఉంది. ఆ ఆటలు పుట్టడానికి తొంబైమూడేళ్ళ ముందే, క్షయరోగి అని వైద్యులు భావించిన ఒక యువకుడు, పదమూడేళ్ళ బాలునితో కలిసి ఒక పటమూ, ఒక నియమావళీ తయారు చేసుకొన్నాడు. ఆ పటం నుండి 'ట్రెజర్ ఐలండ్' నవల పుట్టింది. నండూరి రామమోహనరావు గారి అనువాదంలో 'కాంచన ద్వీపం'గా ఆ నవల తెలుగు బాలబాలికలకు చిరపరిచితమే. ఆ యువకుడే రాబర్ట్ లూయీ స్టీవెన్సన్.

దీపస్తంభాల వంశం

స్టీవెన్సన్ 1850 నవంబరు 13వ తేదీన స్కాట్లండు దేశపు ఎడిన్‌బరో నగరంలో జన్మించాడు. ఆ వంశం పేరు స్కాట్లండు తీరమంతటా వెలుగుతూ ఉండేది. తాత రాబర్ట్ స్టీవెన్సన్, పోటు వచ్చినప్పుడల్లా నీట మునిగిపోయే బెల్ రాక్ అనే బండ మీద దీపస్తంభం నిర్మించిన ఇంజనీరు. 1811లో ఆ దీపం మొదటిసారి వెలిగింది. పెదతండ్రులు, తండ్రి థామస్ కూడా దీపస్తంభాల నిర్మాతలే. సముద్రం మీద పోయే నావికుల ప్రాణాలు కాపాడటమే ఆ కుటుంబపు వృత్తి.

అటువంటి ఇంట ఏకైక సంతానంగా పుట్టిన బాలునికి ఊపిరితిత్తులు బలహీనం. చలికాలం వచ్చిందంటే దగ్గు, జ్వరం. నెలల తరబడి మంచమే లోకం. రాత్రి తెల్లవార్లూ నిద్రపట్టక దగ్గుతూ ఉంటే, దాది అలిసన్ కన్నింగ్‌హామ్ పక్కన కూర్చుండి పురాతన గాథలు చెప్పేది. పగటివేళ ఆ బాలుడు దుప్పటి ముడతలనే కొండలుగా, లోయలుగా భావించి సీసపు సిపాయిలను వాటి మీద నడిపించేవాడు. కదలలేని దేహానికి ఆ దుప్పటి ఒక దేశమైంది. తరువాత 1885లో ప్రకటించిన బాలగేయాల సంపుటిలో ఆ ఆటను ఆయన గేయంగా కూర్చాడు.

కాగితపు బొమ్మల నాటకశాల కూడా ఆయనకు మిక్కిలి ప్రియమైనది. ఆ రోజులలో దుకాణాలలో దొంగలూ వీరులూ అచ్చువేసిన కాగితాలు అమ్మేవారు. రంగు వేయనివి ఒక పెన్నీ, వేసినవి రెండు పెన్నీలు. రంగు వేయని కాగితం కొని తానే రంగులద్దటంలో ఉన్న ఆనందాన్ని ఆయన పెద్దయిన తరువాత ఒక వ్యాసంలో వర్ణించాడు.

తండ్రి ఆశ, కుమారుని మార్గం

1867లో స్టీవెన్సన్ ఇంజనీరింగు చదువుకై ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో చేరాడు. వంశవృత్తిని కొడుకు నిలబెడతాడని తండ్రి ఆశ. సెలవులలో తండ్రి వెంట తీరప్రాంతాలకు పోయేవాడు. 1870లో ఎరెయిడ్ అనే చిన్న దీవిలో కొన్ని వారాలు గడిపాడు. సమీపంలోని బండ మీద నిర్మిస్తున్న దీపస్తంభానికి రాళ్ళు చెక్కింది ఆ దీవిలోనే. 1871లో దీపస్తంభపు కాంతిని గూర్చి ఒక పత్రం సమర్పించి వెండి పతకం కూడా పొందాడు. కాని ఆయన మనస్సు యంత్రాల మీద లేదు. ఆ ఏడాదే తాను ఇంజనీరును కాజాలనని, రచయితను కాదలచానని తండ్రికి విన్నవించాడు. తండ్రి హృదయం గాయపడినా మాట కాదనలేదు. జీవనాధారం ఉండాలి కాబట్టి న్యాయశాస్త్రం చదవమన్నాడు. కొడుకు ఆ పట్టా 1875లో పొందాడు గాని న్యాయవాదిగా జీవించలేదు. మత విషయాలలో కూడా తండ్రీకొడుకులకు తీవ్రమైన భేదాలు వచ్చాయి.

1876లో ఫ్రాన్సులోని గ్రే అనే పల్లెలో ఫానీ ఆస్‌బోర్న్ అనే అమెరికన్ మహిళతో పరిచయమైంది. ఆమె అప్పటికే వివాహిత, భర్తకు దూరంగా పిల్లలతో ఉంటున్నది. 1879లో ఆమె కొరకు స్టీవెన్సన్ తల్లిదండ్రులకు చెప్పకుండా ఓడ ఎక్కి అమెరికాకు, అక్కడి నుండి రైలులో కాలిఫోర్నియాకు ప్రయాణం చేసి, దారిలో ప్రాణాపాయం తెచ్చుకొన్నాడు. 1880 మే 19న శాన్ ఫ్రాన్సిస్కోలో వారి వివాహం జరిగింది. ఆమె కుమారుడు లాయిడ్‌కు అప్పుడు పన్నెండేళ్ళు. తల్లి జీవితంలోకి కొత్తగా వచ్చిన మనిషిని ఆ వయసు పిల్లవాడు సులభంగా ఆదరించడు. స్టీవెన్సన్ ఆ బాలుని మనస్సును తండ్రి అధికారంతో గెలవలేదు. ఆటతో గెలిచాడు.

బ్రేమార్ వాన, ఒక ద్వీపం

1881 ఆగస్టులో ఆ కుటుంబం స్కాట్లండు కొండలలోని బ్రేమార్ గ్రామంలో ఒక చిన్న ఇంట విడిది చేసింది. తల్లిదండ్రులతో అప్పటికి సయోధ్య కుదిరింది. రోజూ వాన. బయటకు పోవడానికి వీలులేని స్థితి. సెలవులకు వచ్చిన లాయిడ్ రంగులపెట్టె ముందు పెట్టుకొని బొమ్మలు వేస్తుండగా స్టీవెన్సన్ కూడా వచ్చి పక్కన కూర్చొనేవాడు. ఆ బల్ల మీదనే ఒక ద్వీపపు పటం తయారైంది. ఆ పటం తానే గీశానని స్టీవెన్సన్ తరువాత రాశాడు. మొదట గీసి రంగులు వేసింది తానేనని, ఆయన వంగి చూసి పేర్లు చేర్చాడని లాయిడ్ రాశాడు. ఇద్దరూ అబద్ధమాడేవారు కారు. కలిసి ఆడిన ఆటలో ఏ గీత ఎవరిదో తరువాత విడదీయలేకపోవడం ఆ ఆట చక్కగా సాగిందనటానికి గుర్తు.

పటం పూర్తయిన తరువాత దాని అడవులలో నుండి మనుష్యులు బయటకు రాసాగారు. స్టీవెన్సన్ రోజుకొక అధ్యాయం చొప్పున రాసి, సాయంకాలం ఇంటిల్లిపాదికీ చదివి వినిపించేవాడు. దాదాపు పదిహేను రోజులలో పదిహేను అధ్యాయాలు పూర్తయ్యాయి. వినేవారు కేవలం శ్రోతలుగా ఉండిపోలేదు. కథలో ఆడవారు ఉండకూడదని లాయిడ్ ఆజ్ఞాపించాడు. రచయిత దానిని శిరసావహించాడు. కథానాయకుడైన జిమ్ తల్లి తప్ప నవలలో చెప్పుకోదగిన స్త్రీపాత్ర లేకపోవడానికి ఇదే కారణం. వృద్ధుడైన తండ్రి థామస్ కూడా ఉత్సాహం ఆపుకోలేకపోయాడు. బిల్లీ బోన్స్ పెట్టెలో దొరికే వస్తువుల జాబితా ఆయనే తయారు చేశాడు. ఫ్లింట్ దొంగ ఓడకు 'వాల్రస్' అనే పేరు పెట్టింది కూడా ఆయనే. పదేళ్ళ క్రితం కొడుకు నిర్ణయంతో మనసు విరిగిన ఆ ఇంజనీరు, ఆ కొడుకు ఆటలో పాలుపంచుకొని బాలుడైపోయాడు. తండ్రీకొడుకుల మధ్య వాదోపవాదాలు పూడ్చలేని అగాధాన్ని ఒక ఊహాద్వీపం పూడ్చింది.

ఆ నవల 1881 అక్టోబరు నుండి 1882 జనవరి వరకు 'యంగ్ ఫోక్స్' అనే బాలల పత్రికలో, కెప్టెన్ జార్జి నార్త్ అనే మారుపేరుతో ధారావాహికగా వచ్చింది. 1883లో కాసెల్ సంస్థ పుస్తకంగా ప్రకటించింది. ముద్రణకు పంపిన అసలు పటం దారిలో పోయింది. కథ నుండి పటాన్ని తిరిగి గీయవలసి వచ్చింది. పుస్తకంలోని ప్రతి దూరాన్నీ దిక్కునూ ఏరి, కొలతలతో సరిపెట్టి, తండ్రి కార్యాలయంలో రెండవ పటం తయారు చేశారు. కెప్టెన్ ఫ్లింట్ సంతకాన్ని తండ్రి స్వయంగా చేశాడు. మొదటి పటం కథను పుట్టించింది. రెండవదానితో పని కష్టమైంది, పైగా ఆయన మనస్సుకు అది అసలు ద్వీపమని ఎన్నడూ తోచలేదు. రచయిత తన దేశాన్ని అరచేతి గీతల వలె ఎరిగి ఉండాలని, ఎక్కడి నుండి ఎక్కడికి ఎంత దూరమో, సూర్యుడు ఎటు ఉదయిస్తాడో, ఏ రాత్రి చంద్రుడు ఉంటాడో తెలిసి ఉండాలని ఆయన 1894లో ఒక వ్యాసంలో బోధించాడు. పటమూ పంచాంగమూ పక్కన పెట్టుకొని రాసేవానికి పొరపాట్లు తగ్గుతాయని ఆయన అనుభవం. ఆట నియమాలు రాసేవారికి ఇంతకంటె మంచి మొదటి పాఠం లేదు.

దావోస్ అటక మీది యుద్ధాలు

నవల చివరి భాగం స్విట్జర్లండులోని దావోస్‌లో పూర్తయింది. సముద్రమట్టానికి 1,500 మీటర్ల కంటె ఎత్తున, మంచు కప్పుకొన్న ఆ కొండ ఊరికి క్షయరోగులు గాలిమార్పుకై చేరేవారు. చుట్టూ దగ్గులు, చావులు. 1881-82 శీతకాలంలో అక్కడి ఒక కొయ్య ఇంటి అటక మీద స్టీవెన్సన్, లాయిడ్ ఒక యుద్ధక్రీడ ఆరంభించారు. నేల మీద రంగు సుద్దలతో ఒక దేశపు పటం గీసేవారు. కొండలు, నదులు, వంతెనలు, పట్టణాలు, మంచి బాటలు, చెడ్డ బాటలు అన్నీ అందులో ఉండేవి. ఆ అటక ఇరుకైనది, చీకటిది. కొవ్వొత్తి వెలుతురులో సీసపు సిపాయిలను కదుపుతూ, బొమ్మ తుపాకులతో గురిచూసి కూలగొడుతూ గంటలు గడిపేవారు.

ఆ నియమాలను లాయిడ్ 1898లో ఒక పత్రికలో వివరించాడు. వాటిలోని విచక్షణ గమనింపదగినది. వాన పడితే బాటలు పాడై సైన్యం నడక మందగించాలి. కాలిబంటు కంటె ఫిరంగి నెమ్మదిగా కదలాలి, దాని పోషణకు ఎక్కువ ఖర్చు కావాలి. వంతెనలు కూల్చవచ్చు, తిరిగి కట్టవచ్చు. సేనకు సరఫరా లేకపోతే ఎంతటి సేనాపతి అయినా నిస్సహాయుడే. బలమైన ప్రతి వస్తువుకూ ఒక బరువు, ప్రతి లాభానికీ ఒక నష్టం కట్టిపెట్టడమే ఆ నియమాల సారాంశం. ఎంపిక కష్టమైనప్పుడే ఆట రక్తికడుతుందని వారిద్దరూ గ్రహించారు.

వీటికి తోడు స్టీవెన్సన్ యుద్ధవార్తలు రాసేవాడు. ఊహాదేశాలకు ఊహాపత్రికలు పెట్టి, సేనాపతుల ఓటములను పరిహసిస్తూ, ఒక పత్రిక మరొక పత్రికను నిందిస్తున్నట్లుగా కథనాలు అల్లేవాడు. అందుచేత ఒకనాటి ఆట మరునాటికి చరిత్ర అయ్యేది. లాయిడ్ దగ్గర ఒక చిన్న అచ్చుయంత్రం కూడా ఉండేది. స్టీవెన్సన్ కొయ్య మీద చెక్కిన బొమ్మలతో, చిన్న పద్యాలతో ఇద్దరూ చిట్టిపొత్తాలు అచ్చువేసి అమ్మేవారు.

ముప్ఫై ఒక్క ఏళ్ళ రచయిత, రక్తం కక్కుకొనే రోగి, పదమూడేళ్ళ పిల్లవానితో ఇంత శ్రద్ధగా ఆడటం కాలయాపన అని ఎవరైనా అనుకోవచ్చు. ఆ అటక మీద పెద్దవాడికొక నియమం, చిన్నవాడికొక నియమం లేదు. తుపాకి గురి తప్పితే ఇద్దరికీ తప్పినట్లే. సవతి తండ్రి తనకంటె అధికుడు కాదు, తనతో సమానంగా ఒకే నియమానికి కట్టుబడినవాడు అన్న నమ్మకం ఆ బాలునికి అక్కడ కలిగింది. ఆ నమ్మకం వృథా కాలేదు. లాయిడ్ పెరిగి పెద్దవాడై స్టీవెన్సన్‌తో కలిసి 1889లో 'ది రాంగ్ బాక్స్', 1892లో 'ది రెకర్', 1894లో 'ది ఎబ్-టైడ్' అనే మూడు నవలలు రచించాడు.

దొంగల ఓడలో చట్టం

సముద్రపు దొంగలంటే కట్టుబాటు లేని మూక అని సాధారణ భావన. స్టీవెన్సన్ అలా చిత్రించలేదు. ఆయన దొంగలకు ఒక సభ ఉంది, నాయకుని ఎన్నుకొనే హక్కు ఉంది. నాయకునిపై విశ్వాసం పోతే నల్లచుక్క గల కాగితం అందించి పదవి నుండి దించవచ్చు. అయితే ఆరోపణలు చెప్పాలి, సమాధానం వినాలి. ఒంటికాలి సిల్వర్ ఆ నిబంధననే ఆధారం చేసుకొని తన ప్రాణం కాపాడుకొంటాడు. ఆ పాత్రకు ప్రేరణ, ఒక కాలు పోగొట్టుకొన్నా ధైర్యం పోగొట్టుకోని ఆయన కవిమిత్రుడు హెన్లీ.

నల్లచుక్క స్టీవెన్సన్ కల్పన. కాని దాని వెనుక ఉన్న రివాజు చరిత్రలో ఉంది. 1724లో లండనులో కెప్టెన్ చార్లెస్ జాన్సన్ పేరిట వెలువడిన దొంగల చరిత్రలో, 1722లో యుద్ధంలో మరణించిన బార్తొలోమ్యూ రాబర్ట్స్ ఓడ నియమావళి కనిపిస్తుంది. ప్రతి నావికునికీ ఒక ఓటు. సొమ్ము పెట్టి పేకాట గాని పాచికలు గాని ఆడరాదు. రాత్రి ఎనిమిది గంటలకు దీపాలు ఆర్పాలి. కొల్లసొమ్ములో కెప్టెనుకూ, క్వార్టర్ మాస్టరుకూ రెండేసి వంతులు. ఓడ మాస్టరుకూ, సరంగుకూ, ఫిరంగివానికీ ఒకటిన్నర వంతు. ఇతర అధికారులకు ఒకటింబావు. కాలో చెయ్యో పోగొట్టుకొన్నవానికి ఉమ్మడి నిధి నుండి 800 డాలర్ల పరిహారం. దొంగల ఆటకు నియమాలు రాసేవారికి ఇది సిద్ధంగా ఉన్న ముడిసరుకు. వంతులు, ఓట్లు, పరిహారం అనే మూడూ ఉంటే చాలు, పాచిక వేయకముందే బల్ల చుట్టూ వాదం పుడుతుంది, పాత్రలు మేల్కొంటాయి.

నవలలోని లెక్కలు కూడా అటువంటివే. ఓడలో ఇరవై ఆరుగురు. వారిలో నమ్మదగినవారు ఏడుగురే. అందులో ఒకడు బాలుడు. పంతొమ్మిదిమంది దొంగలకు ఎదురు ఆరుగురు పెద్దవారు. ఎవరు ఎవరి పక్షమో చివరిదాకా నిశ్చయంగా తెలియదు. ద్వీపం తొమ్మిది మైళ్ళ పొడవు, అయిదు మైళ్ళ వెడల్పు మాత్రమే. చిన్న స్థలం, అసమాన బలాలు, దాగిన ద్రోహం అనే ఈ మూడింటితో కథ తనంత తానే పరుగెత్తుతుంది.

అయితే ఒక సంగతి మరువరాదు. ఇంత న్యాయంగా వంతులు పంచుకొన్న రాబర్ట్స్ ముఠాయే 1722 జనవరిలో పశ్చిమాఫ్రికాలోని వైదా రేవులో, సంకెళ్ళలో ఉన్న బానిసలతో సహా ఒక ఓడను తగులబెట్టింది. ఆ చట్టం ఓడలోని వారికే గాని బయటివారికి కాదు. స్టీవెన్సన్ ఈ క్రౌర్యాన్ని దాచలేదు. నవ్వుతూ మాట్లాడే సిల్వర్ తనతో చేరనన్న నావికుని చంపటం జిమ్ కళ్ళారా చూస్తాడు. దొంగల ఆట ఆడేవారు కూడా కొల్ల వెనుక ఉన్న బాధితుని పటం నుండి చెరిపివేయకపోతే ఆ ఆటకు గౌరవం ఉంటుంది.

నిజమైన సముద్రం

1886లో 'డాక్టర్ జెకిల్, మిస్టర్ హైడ్', 'కిడ్నాప్డ్' ప్రకటితమై స్టీవెన్సన్ కీర్తి ఖండాంతరాలకు వ్యాపించింది. 1887లో తండ్రి కన్నుమూశాడు. ఆ ఏడాదే ఆయన స్వదేశం విడిచి అమెరికా చేరాడు. 1888 జూన్‌లో శాన్ ఫ్రాన్సిస్కో నుండి 'కాస్కో' అనే తెరచాప ఓడలో కుటుంబసమేతంగా దక్షిణ సముద్రాలకు బయలుదేరాడు. వాన కురిసే గదిలో బల్ల మీద గీసిన సముద్రం, ఏడేళ్ళకు ఆయన కళ్ళ ముందు నిజంగా పరచుకొన్నది. లాయిడ్ పక్కనే ఉన్నాడు.

1889 చివర సమోవా చేరి, వైలిమా అనే చోట ఇల్లు కట్టుకొని అక్కడే స్థిరపడ్డాడు. దీవివాసులు ఆయనను కథకుడు అనే అర్థంలో తుసితాలా అని పిలిచారు. పరాయి ప్రభుత్వాలు సమోవాకు చేసిన అన్యాయాన్ని 1892లో ఒక గ్రంథంగా రాసి, ఆ ప్రజల పక్షం వహించాడు. చెరలో ఉన్నప్పుడు తమను ఆదరించినందుకు కృతజ్ఞతగా, విడుదలైన సమోవా నాయకులు 1894లో ఆయన ఇంటికి స్వయంగా బాట వేశారు. ఆ ఏడాది డిసెంబరు 3న, నలభై నాలుగేళ్ళ వయసులో, మెదడులో నరం చిట్లి ఆయన మరణించాడు. దీవివాసులు అడవి నరికి దారిచేసి, ఆ దేహాన్ని వైయా పర్వత శిఖరానికి మోసుకుపోయి సమాధి చేశారు.

స్టీవెన్సన్ తన అటక ఆటకు నియమగ్రంథం ప్రకటించలేదు. అటువంటి పుస్తకాన్ని 1913లో హెచ్.జి. వెల్స్ 'లిటిల్ వార్స్' పేర ప్రకటించాడు. నేటి పాత్రధారణ క్రీడలకు స్టీవెన్సన్ మూలపురుషుడని చెప్పడం కూడా అతిశయోక్తి అవుతుంది. కాని పటం ముందు పెట్టుకోవడం, లాభానికి నష్టం కట్టడం, బలవంతునికీ బలహీనునికీ ఒకే నియమం వర్తింపజేయడం, ఆడిన ఆటను రాసిపెట్టుకోవడం అనే నాలుగు పద్ధతులనూ ఆయన ఆచరించి చూపాడు.

విద్యార్థి మిత్రులారా! సెలవు రోజున బల్ల మీద మీరొక ద్వీపం గీసినప్పుడు, ఇంట్లో జబ్బుతో పడుకొన్న తమ్ముడో, ఎవరితోనూ కలవని సహాధ్యాయో ఉంటే అతనిని కూడా పిలిచి, ఒక నియమం అతని చేత చెప్పించండి. బ్రేమార్‌లో ఒక బాలుడు చెప్పిన నియమాన్ని ఒక మహారచయిత పాటించాడు. ఆ సౌజన్యం వల్ల కలిగిన ఫలాన్ని లోకం నేటికీ చదువుకొంటున్నది.